రోగికి రక్షణ – ఖజానాకు తాళము

గంజాయి అనగానే మనకు వ్యసనము, దొంగరవాణా, పోలీసు కేసు స్ఫురించుట సహజము. కాని ఒకానొక కాలమున ఈ మొక్కయే వైద్యుల అలమారులో ఔషధముగ నుండెను. కలకత్తా వైద్య కళాశాలలో పనిచేసిన ఓషాఘ్నెస్సీ అను ఐర్లండు దేశపు వైద్యుడు 1839లో దీని గుణములను గూర్చి వ్రాసిన పిమ్మట పాశ్చాత్య వైద్యులు దీనిని విరివిగ వాడసాగిరి. అమెరికాలో వైద్యుని సలహాపై దీనిని వాడు రోగి నేరస్థుడగునా అను ప్రశ్న ఇటీవలి దశాబ్దములలో పెద్ద వివాదమైనది. ఒక ప్రభుత్వము అనుమతించిన పనికి మరియొక ప్రభుత్వము శిక్షింపవచ్చునా? అట్టి రోగికి లభించిన రక్షణ ఎంత గట్టిది? నేడు మేము విచారింపదలచినది ఇదియే.

అమెరికాలో ప్రతి పౌరుడును రెండు ప్రభుత్వముల శాసనములకు లోబడి యుండును. ఒకటి తన రాష్ట్రమునది. రెండవది ఫెడరల్ ప్రభుత్వమునది, అనగా కేంద్రమునది. 1970లో కేంద్రము చేసిన మాదకద్రవ్యముల శాసనము గంజాయిని మొదటి పట్టికలో చేర్చినది. ఆమోదయోగ్యమైన వైద్య ప్రయోజనము లేని వస్తువులకు ఆ పట్టిక నిర్దేశింపబడినది. 1996 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు 215వ ప్రతిపాదనను ఆమోదించి, కాన్సరు, ఎయిడ్స్ వంటి వ్యాధులతో బాధపడువారు వైద్యుని సిఫారసుపై గంజాయిని పెంచుకొనుటకు, వాడుకొనుటకు వీలు కల్పించిరి. పిమ్మట అనేక రాష్ట్రములు ఆ దారి పట్టినవి. రాష్ట్రము తలుపు తెరచినది; కేంద్రము గడియ తీయలేదు.

ఈ వైరుధ్యము ఎంతదూరము పోయినదో ఒక కేసు వలన తెలియును. 2002 ఆగస్టులో కేంద్ర అధికారులు కాలిఫోర్నియాలో ఒక రోగి యింటికి వచ్చి, ఆమె సొంత వాడుకకు పెంచుకొనిన 6 మొక్కలను ధ్వంసము చేసిరి. అవి రాష్ట్ర చట్టమునకు సమ్మతములే యని స్థానిక అధికారులు చెప్పినను ఫలితము లేకపోయినది. రైచ్ కేసుగా ప్రసిద్ధి చెందిన ఈ వ్యాజ్యమున 2005 జూన్ 6న సుప్రీంకోర్టు 6-3 ఆధిక్యతతో కేంద్రము పక్షమున తీర్పు చెప్పినది. అమ్మకము లేదు, పెరటి మొక్క రాష్ట్రపు ఎల్ల దాటలేదు. అయినను అట్టి పెంపకములన్నియు కలసి అంతర్రాష్ట్ర వ్యాపారముపై ప్రభావము చూపగలవు గనుక కేంద్రమునకు అధికారము కలదని న్యాయస్థానము తేల్చినది. ఇందులకు 1942 నాటి ఒక గోధుమ రైతు కేసును ఆధారముగ చూపినది. పరిమితికి మించి పండించిన గోధుమ తన సొంత అవసరములకే యని వాదించి ఆ రైతు ఓడిపోయెను. అయితే రోగుల పక్షము వహించిన ఓటర్ల గొంతు ఒకనాడు కాంగ్రెసు సభలో వినబడవచ్చునని తీర్పు వ్రాసిన న్యాయమూర్తి స్టీవెన్స్ సూచించెను.

కాంగ్రెసులో ఆ ప్రయత్నము అప్పటికే ఆరంభమైనది. 2003లో ప్రతినిధుల సభలో ఒక సవరణ వచ్చి 152-273 ఓట్లతో వీగిపోయినది. మరల మరల తెచ్చిన పిమ్మట 2014 మే నెలలో 219-189 ఓట్లతో గెలిచి, ఆ డిసెంబరులో శాసనమైనది. ఒక రిపబ్లికను, ఒక డెమొక్రాటు కలసి తెచ్చిన దానికి రోరబాకర్-ఫార్ సవరణ యని పేరు. అది గంజాయిని నేరముల జాబితానుండి తొలగింపలేదు. రాష్ట్రముల వైద్య గంజాయి చట్టముల అమలునకు అడ్డుతగులుటకై న్యాయశాఖ తన బడ్జెటు సొమ్ము ఖర్చుపెట్టరాదని మాత్రము చెప్పినది. కర్రను విరువలేదు, కర్ర యెత్తువానికి కూలి నిలిపినది.

2016 ఆగస్టులో మకింటాష్ కేసున తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఈ సవరణకు బలము చేకూర్చినది. రాష్ట్ర నిబంధనలను సంపూర్ణముగ పాటించినవారిపై న్యాయశాఖ ఈ నిధులతో కేసు నడుపరాదని నిర్ణయించినది. ఆ తీర్పులోనే ఒక హెచ్చరికయు కలదు. కాంగ్రెసు రేపు నిధులు పునరుద్ధరించినచో, నేటి పనికి రేపు అభియోగము రావచ్చును. అందులకు గడువు 5 సంవత్సరములు. సవరణయో, ఏ యేటి బడ్జెటుతో పుట్టి ఆ యేటితోనే ముగియునది. 2014 తరువాత ఏటేటా పొడిగించుచు వచ్చిరి. శాఖాపరమైన ఆదేశములు అంతకన్నను అస్థిరములు: 2013లో న్యాయశాఖ యిచ్చిన సడలింపును 2018 జనవరిలో ఆ శాఖయే రద్దు చేసినది.

అమెరికాలో చదువుచున్న, ఉద్యోగము చేయుచున్న బిడ్డలు గల మన తెలుగు కుటుంబములు ఇందొక విషయము గమనింపవలెను. ఈ సవరణ న్యాయశాఖ ఖర్చునకే సంబంధించినది. వలస వ్యవహారములు చూచు ఇతర శాఖలను కట్టడి చేయదు. రాష్ట్ర చట్టము అనుమతించినను, గంజాయి వ్యవహారము పౌరసత్వమునకు వలసిన సత్ప్రవర్తనకు భంగకరము కాగలదని అచటి పౌరసత్వ, వలస సేవల శాఖ 2019 ఏప్రిలులో ప్రకటించినది. బజారులో బాహాటముగ అమ్ముచున్నారు గదా యని నిశ్చింతగ నుండరాదు.

వైద్యము పేరిట దుర్వినియోగము జరుగునని భయపడువారి మాట త్రోసిపుచ్చదగినది కాదు. ఆ భయమునకు తగిన కట్టుబాట్లు కలవు: వైద్యునికి బాధ్యత, సరుకునకు నాణ్యతా పరీక్ష, అమ్మకమునకు తనిఖీ. మంచము పట్టిన మనిషిపై అభియోగము మోపుట వానిలో చేరదు. పట్టికలు మారవచ్చును, ఆదేశములు మారవచ్చును. వైద్యుని సలహా మేరకు, రాష్ట్ర నియమములకు లోబడి నడచుకొను రోగి నేరస్థుడు కాడని కాంగ్రెసు స్థిరమైన శాసనమున వ్రాయుటయే సరియైన మార్గమని మా అభిప్రాయము. ఏటేటా గడువు తీరు అభయము రోగికి నిద్ర పట్టింపజాలదు.