మళ్లీ అదే డైట్ పట్టాను

పొదుపు లెక్కలు తర్వాత, ముందు నా ఒంటి లెక్క వినండి.

మూడేళ్ల కింద ఫోన్‌లో వీడియోలు చూసి అన్నం మానేశాను. కొబ్బరినూనె, నిమ్మకాయ నీళ్లు, సూపు, అంతే. రెండు నెలల్లో 9 కిలోలు తగ్గాను. మీరందరూ మెచ్చుకున్నారు కూడా! అన్నం మొదలెట్టాక ఏడాదిలో 11 కిలోలు పెరిగాను. మీ ముందుకు రావాలంటే సిగ్గేసి, మొన్న సంక్రాంతి దాటాక మళ్లీ అదే పట్టాను.

ఈసారి మూడు కిలోలు కూడా తగ్గలేదు. జుట్టు ఊడింది. గ్రూపు వాయిదా డబ్బు చేతిలో పెట్టుకుని బ్యాంకు లైన్లోనే కళ్లు తిరిగి పడ్డాను. ఏఎన్ఎం పరీక్ష చేస్తే రక్తం 8.2. మనకు 12 ఉండాలి. కడుపు మాడిస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోతుందని చెప్పింది.

ఇప్పుడు కొలిచి అన్నం, పప్పు, మునగాకు, గుడ్డు తింటున్నా, ఐరన్ మాత్ర వేసుకుంటున్నా. బరువు పెద్దగా తగ్గట్లేదు. మా ఆయన నవ్వుతున్నాడు, నవ్వనీ. వచ్చే సమావేశానికి ఏఎన్ఎంను పిలిచాను. అందరం రక్తం చూపించుకుందాం.