ఒకే తీగ, పలు మోటార్లు

కర్నూలు మండలములోని పల్లెలకు మేము పోయినప్పుడు రైతులు తఱచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. “ఇంటిలో ఎన్ని దీపములు వెలిగించినను వెలుగు తగ్గదు గదా, పొలములో నలుగురు మోటార్లు వేసినంతనే నా మోటారు ఏల మూలుగును?” ఈ పూట దానినే విచారింతము.

ఇంటిలోని దీపములను, పంకాలను రెండు తీగల నడుమ నిచ్చెన మెట్లవలె తగిలింతురు. దీనికి సమాంతర వలయమని పేరు. ప్రతి మెట్టునకును అందు వోల్టేజి ఒక్కటే: 230 వోల్టులు. ఒక దీపము ఆర్పినను రెండవది వెలుగును. పెండ్లిపందిటిలో దండగా గ్రుచ్చిన పాతకాలపు చిన్న దీపముల తీరు వేరు. అవి వోల్టేజిని పంచుకొనును, ఒకటి మాడిన దండయంతయు ఆరును.

సమాంతర వలయమున కూడుచు పోవునది ప్రవాహము. 100 వాట్ల దీపము సుమారు 0.43 ఆంపియరు, 1000 వాట్ల ఇస్త్రీపెట్టె 4.35 ఆంపియర్లు తీసికొనును. ఈ మొత్తమంతయు ప్రధాన తీగలోనుండియే రావలెను. చిక్కు అచ్చటనే యున్నది.

తీగకును కొంత నిరోధము కలదు. ట్రాన్స్‌ఫార్మరు నుండి చివరి బావుల వరకు పోయి వచ్చు తీగల నిరోధము ఒక ఓము అనుకొందము. 5 ఆంపియర్ల మోటారు ఒక్కటి తిరిగిన 5 వోల్టులు దారిలోనే ఖర్చగును. అట్టివి ఎనిమిది తిరిగిన 40 వోల్టులు పోవును. అందరికిని సమానముగా 190 మాత్రమే మిగులును. సుంకేసుల నుండి వచ్చు కర్నూలు–కడప కాలువ చివరి రైతునకు ఇది క్రొత్త సంగతి కాదు. ఎగువ తూములన్నియు తెరచినచో దిగువన నీటిమట్టము పడిపోవును గదా!

వోల్టేజి తగ్గినను నీటిని ఎత్తు పని తగ్గదు. కావున మోటారు మఱింత ప్రవాహమును లాగును. అందుచే వోల్టేజి ఇంకను తగ్గును. వేడికి వైండింగు కాలును. అది బాగై వచ్చులోపల ఉల్లిపైరు వాడిపోవును.

మోటారు కదలునప్పుడు తీసికొను ప్రవాహము మామూలునకు అయిదాఱు రెట్లుండును. ఆటో స్టార్టర్లున్నచో కరెంటు వచ్చిన క్షణముననే అన్నియు ఒక్కసారి లేచును. వానిని తీసివేసి, ఒకరి తరువాత ఒకరు మోటారు వేసికొనుట మేలు. తగిన కెపాసిటరు పెట్టుకొనుటయు మంచిది. 11,000 వోల్టుల లైనును బావుల చెంతకు తెచ్చి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు నిలుపుటలోని మర్మమును ఇదియే: వోల్టేజి హెచ్చైన ప్రవాహము తగ్గును, దారిలో నష్టమును తగ్గును.

ఒకే తీగపై నున్నవారి వోల్టేజి ఒకే కుండలోని నీరు వంటిది. పొరుగువాని మోటారు కదలి కుదుటపడువరకు కొన్ని క్షణములు ఆగిన, మన మోటారును నిలుచును.