పిట్ట వాలిన ఇల్లు
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



లారెల్, హార్డీలను మీరంతా ఎరుగుదురు. 1928లో వచ్చిన వారి రెండు రీళ్ల మూకీ చిత్రం ‘ది ఫినిషింగ్ టచ్’. సగంలో ఆగిన ఇంటిని సోమవారం మధ్యాహ్నానికల్లా పూర్తిచేస్తే 500 డాలర్లు అదనంగా ఇస్తానంటాడు యజమాని. మేకులు మింగుతూ, చెక్కల మీంచి జారిపడుతూ ఇద్దరూ ఎలాగో ముగిస్తారు. డబ్బు చేతికందుతుంది. అప్పుడే పొగగొట్టం మీద ఓ పిట్ట వాలుతుంది. అంతే, ఇల్లు ముక్కలు ముక్కలుగా ఊడిపడుతుంది!

నేనూ కడుపుబ్బ నవ్వాను. కాని నిర్మాణ శాఖలో ముప్పయ్యేళ్లు పనిచేసినవాణ్ణి కదా, నవ్వు మధ్యలోనే ఆగింది. ఒక మార్చి నెలాఖరున, నిధులు మురిగిపోతాయని, సరిగా తడపని ప్రహరీగోడకు కొలతల పుస్తకంలో సంతకం చేశాను. తొలి వానకే కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అది నా అదృష్టమే గాని నా పనితనం కాదు.

వారిది 500 డాలర్ల ఆశ, నాది మార్చి 31 భయం. తొందర మాత్రం ఒక్కటే.

ఇప్పుడు మన పిల్లలు ఇళ్లు కట్టిస్తున్నారు. గృహప్రవేశం దగ్గరపడిందని మేస్త్రీని తరమవద్దని చెప్పండి. సిమెంటు గోడకు ముహూర్తంతో పనిలేదు. కనీసం వారం రోజులు నీళ్లు కావాలి.