ఏటి ఒడ్డు ఊరి మాట



సమాజము ఎట్లు రూపుదిద్దుకొనునో తెలియుటకు పెద్ద గ్రంథము లక్కరలేదు. మన రాజోలి చాలును. తుంగభద్ర ఒడ్డున కోట, గుడులు, మగ్గములు వెలసినవి. గద్వాల చీరకు నూలు నేతతో పట్టు అంచును కలుపుట ఒంటిచేతి పని కాదు. ప్రక్కన మరొకరు కూర్చుండవలెను. అందుచేత నేత అనునది ఇంటిల్లిపాది ఆచారమైనది. 2009 అక్టోబరు వరదలో ఇండ్లతోపాటు మగ్గములును మునిగినవి. ఊరును ఎత్తైన చోటికి మార్చుట మంచిదే గాని, మగ్గపు గుంటను ఎవరు మోసికొని పోగలరు?

ఆ నీటినే నమ్ముకొన్న పెద్ద ధన్వాడ రైతులు, ఇథనాలు కర్మాగారము వచ్చినచో నీరు, గాలి చెడునని 2025 జూన్‌లో అడ్డము నిలిచిరి. వాహనములు ధ్వంసమైనవి, అది నాకు సమ్మతము కాదు. అయితే అరెస్టయిన రైతులను సంకెళ్లతో అలంపురము కోర్టుకు తెచ్చుట చూచి నాకు నాబోతు జ్ఞాపకము వచ్చెను. పితరుల స్వాస్థ్యమును ఇయ్యనన్నందుకే గదా అతడు చంపబడెను! షోమ్రోను రాజు ఎదుట నాబోతు ఒంటరివాడు. ధన్వాడ రైతులకు మాత్రము చుట్టుపట్ల ఊళ్లు తోడు వచ్చినవి.