దెయ్యాన్ని వదిలించేదెవరు?

తెలుగు దెయ్యాల సినిమా ఎలా మారిందని అడిగితే చాలామంది గ్రాఫిక్స్ పేరో, సౌండు పేరో చెబుతారు. దెయ్యాన్ని వదిలించే పని ఎవరి నెత్తిన పడుతోందో చూడమంటాను నేను. అసలు మార్పు అక్కడ దొరుకుతుంది.

1992లో రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' తీసుకోండి. పాడుబడ్డ దివాణం లేదు, తెల్లచీర లేదు. మధ్యతరగతి కుటుంబం, కొత్తగా దిగిన ఇల్లు. కారు కింద పడి చచ్చిన పిల్లి మళ్లీ ఇంట్లో తిరుగుతుంది, అంతే. కెమెరా నేలబారుగా గదుల్లో పాకుతుంటే మణిశర్మ నేపథ్య సంగీతం మనల్ని కుర్చీలో కుదురుగా కూర్చోనివ్వదు. గ్రాఫిక్స్ వల్లే భయం పెరిగిందనేవాళ్లకు ఈ ఒక్క సినిమా చాలు జవాబు. అయితే కథానాయిక రేవతికి పట్టిన పీడను వదిలించడానికి ఓంపురి వేసిన మాంత్రికుడే రావాలి. ఇంటివాళ్లు చేతులు కట్టుకుని చూడాల్సిందే.

2005లో తమిళ 'చంద్రముఖి' ఆ పెత్తనాన్ని రెండుగా పంచింది. మలయాళ 'మణిచిత్రతాళు'కు వారసురాలైన ఈ కథలో ఉన్నది దెయ్యం కాదు, మనోవ్యాధి. కానీ మానసిక వైద్యుడు ఒక్కడే నయం చేస్తే మనవాళ్లు ఒప్పుకోరేమోనన్న జంకుతో కాబోలు, పక్కన మంత్రగాణ్నీ నిలబెట్టారు. నాలుగేళ్లకు వచ్చిన కోడి రామకృష్ణ 'అరుంధతి' ఇంకో అడుగు వేసింది. అరుంధతి వెనకటి జన్మ అయిన జేజమ్మ తన ఎముకలే ఆయుధం కావాలని ప్రాణం వదులుతుంది. దధీచి కథ తెలిసిన ప్రేక్షకుడికి దాన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ఫకీరు సాయపడతాడు గానీ దుష్టాత్మ పశుపతిని కడతేర్చేది అరుంధతే.

ఆ తర్వాత కొన్నాళ్లు 'ప్రేమకథా చిత్రం', 'రాజుగారి గది' వరసలో దెయ్యం హాస్యనటుల పాలబడింది. వాటిలో 'ఆనందో బ్రహ్మ' మాత్రం గడుసుది, అందులో దెయ్యాలే మనుషుల్ని చూసి హడలిపోతాయి.

'మసూద'లో మళ్లీ బాబా వచ్చాడు కదా, మారిందేముంది అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2022లో వచ్చిన ఆ సినిమాలో బాబా ఉన్నాడు, నిజమే. కానీ ఆయన దారి చూపుతాడు, ఆ దారిన నడవాల్సింది భర్తకు దూరమై కూతుర్ని ఒంటరిగా పెంచుకుంటున్న టీచరు నీలం, పక్క ఫ్లాట్‌లోని పిరికి కుర్రాడు గోపి. 'రాత్రి'లో చేతులు కట్టుకున్న ఇంటివాళ్లే ఇక్కడ నడుం కట్టారు.

మరుసటి ఏడు 'విరూపాక్ష' ఈ వరసకే అడ్డం తిరిగింది. చేతబడి చేశారని ఒక జంటను ఊరే తగలబెడుతుంది, పన్నెండేళ్లకు ఆ పగ ఊరి మీదే పడుతుంది. వదిలించాల్సిన వాళ్లే దాన్ని తెచ్చిపెట్టుకున్నవాళ్లు. చేతబడి నెపంతో మనుషుల్ని నిజంగానే చంపిన ఊళ్లున్న నేల మీద ఇది చిన్న కథ కాదు. అయితే గుంపు చేసిన హత్యను తప్పుపట్టిన ఆ సినిమాయే చివరికి చేతబడి పనిచేస్తుందనీ చూపిస్తుంది. గుంపు అనుమానానికి అది ఇచ్చిన ఊతం దర్శకుడి ఉద్దేశం కాకపోవచ్చు, తెర మీద మాత్రం ఉంది.