ఎండ, మన చర్మం, రెండు ఖనిజాలు



కోలాటానికీ హరికథకూ మధ్య ఎండకు రాసుకొనే పూతల మీద ప్రసంగమేమిటని మీకు తోచవచ్చు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వచ్చిన ట్రూరో ఓడ డర్బన్ రేవు చేరింది మొదలు ఈ నేటాల్ ఎండతో మనవాళ్ళకు పొత్తు కుదిరింది. మేము మందుల దుకాణాల్లో పనిచేసేవాళ్ళం. బల్లకు ఇవతల నిలబడి రోజూ వినే మాటలను బట్టే ఈ నాలుగు ముక్కలు మనవి చేస్తున్నాము.

"మన రంగు వాళ్ళకు ఎండేం చేస్తుందమ్మా?" అని పెద్దవాళ్ళు అడుగుతారు. అందులో సగం నిజం. చర్మంలోని మెలనిన్ అనే రంగు పదార్థం మనల్ని కొంత కాస్తుంది గనుక తెల్లవారిలాగ మనం ఇట్టే కమిలిపోము. కాని మంగు మచ్చలు మనకే ఎక్కువ. గర్భంతో ఉన్నప్పుడు బుగ్గల మీద పట్టిన మంగు కొందరిని ఏళ్ళ తరబడి వదలదు. ఎండ దాన్ని మరింత ముదురు చేస్తుంది.

పూతల్లో రసాయనిక పదార్థాలవి ఒక తెగ, ఖనిజాలవి మరొకటి. ఖనిజాలు రెండే: జింక్ ఆక్సైడు, టైటానియం డయాక్సైడు. జింక్ ఆక్సైడు మీకు కొత్త కాదు. దద్దుర్లకు రాసే గులాబీ రంగు కాలమిన్ లోషనులో ఉండేది అదే; ఆ గులాబీ రంగు కొద్దిగా కలిపిన ఇనుప ఆక్సైడు వల్ల వచ్చింది. (అది దురద మందేగాని ఎండ పూత కాదు సుమండీ.) ఇక టైటానియం ఇల్మనైటు అనే నల్లటి ఖనిజం నుంచి వస్తుంది. ఇల్మనైటు అక్కడ భీమునిపట్నం ఇసుకలోనూ ఉంది, ఇక్కడ రిచర్డ్స్ బే ఇసుక దిబ్బల్లోనూ ఉంది. తాతల తీరమూ, మన తీరమూ ఒకే సరుకు దాచుకొన్నాయి!

ఈ ఖనిజాలు ఎండను అద్దంలా తిప్పికొడతాయని అందరూ అంటారు. తిప్పికొట్టేది స్వల్పమే. అతినీలలోహిత కిరణాలను చాలావరకు తమలోకి పీల్చుకొని వేడిగా మార్చేస్తాయి. ఆ కిరణాల్లో చర్మాన్ని కమిలించేవి బి రకం. లోపలికి దిగి నలుపునూ ముడతలనూ తెచ్చేవి, కిటికీ అద్దంలోంచి కూడా దూరేవి ఎ రకం. టైటానియం ముఖ్యంగా బి రకాన్ని ఆపుతుంది. జింకు ఎ రకంలో కూడా చాలా దూరం ఆపుతుంది. కనుక సీసా మీద జింకు పేరు వెదకమంటాము.

2019లో అమెరికా ఆహార, ఔషధ శాఖ తన ప్రతిపాదనలో సురక్షితమనీ గుణమున్నవనీ చెప్పినవి ఈ రెండే. మరి పన్నెండింటికి అదనపు వివరాలు కావాలంది. వివరాలు అడిగినంత మాత్రాన అవి విషమని అర్థం కాదు.

అయితే మన ముఖాలకు వచ్చే చిక్కు వేరు. ఈ ఖనిజాలు రాస్తే బూడిద పూసినట్లు తెల్లగా కనిపిస్తుంది. అది చూసి జనం బొట్టంత రాసి ఊరుకొంటారు. సీసా మీది అంకె చదరపు సెంటీమీటరుకు రెండు మిల్లీగ్రాముల చొప్పున రాసి కొలిచినది. ముఖానికీ మెడకూ రెండు వేళ్ళ పొడవున పిండాలి. తక్కువ రాస్తే ఆ అంకె ఉత్తదే.

తెలుపు పోవడానికి రేణువులను మరీ సన్నం చేస్తున్నారు. దానితో తెలుపు తగ్గుతుంది కాని మామూలు వెలుతురును ఆపే శక్తీ తగ్గుతుంది. కంటికి కనబడే వెలుతురు కూడా చామనఛాయ, నలుపు చర్మాలను ముదురు చేస్తుందని 2010లో ప్రచురితమైన పరిశోధన చూపింది. తెల్లని చర్మంలో ఆ మార్పు కనబడలేదు. దాన్ని ఆపేది ఇనుప ఆక్సైడు, అంటే మన కావి రంగు. అందుచేత మంగు ఉన్నవారికి జింకుతో పాటు ఇనుప ఆక్సైడు కలిసిన రంగు పూత మేలు. బూడిద తెలుపు బాధా తగ్గుతుంది.

జిడ్డు ముఖం వారు పల్చని ద్రవం, పొడి చర్మం వారు క్రీము తీసుకోండి. మంట, దురద త్వరగా వచ్చేవారికి సువాసన కలపని జింకు పూత నయం. ఆరు నెలల లోపు పసివాళ్ళకు పూత కంటె నీడ, గుడ్డ మంచివి. బొల్లి మచ్చల్లో మెలనిన్ ఉండదు గనుక అక్కడ పూత తప్పనిసరి. బొల్లి అంటువ్యాధి కాదు, దాచి బాధపడవద్దు.

ఒక మాట కటువుగానే చెప్పాలి. "తెల్లబడతామా?" అని అడిగి కొనేవారు చాలామంది. ఈ పూత తెల్లబరచదు. తెల్లబరచే క్రీముల్లో వేసే హైడ్రోక్వినోనును సౌందర్య సాధనాల్లో వాడరాదని ఈ దేశం 1990లో నిషేధించింది. అయినా 2015లో ప్రచురితమైన డర్బన్ అధ్యయనంలో, ఆఫ్రికన్, భారతీయ సంతతి స్త్రీలలో సుమారు మూడోవంతు మంది తెల్లబరచే సరుకు వాడుతున్నట్లు తేలింది. సంబంధాలు చూసేవేళ పిల్ల రంగు అడిగే అలవాటు పెద్దలు మానితే మా దుకాణాల్లో ఆ ప్రశ్న తగ్గుతుంది.

రంగు పూతలు మూడు ఛాయల్లో తెచ్చి భోజనశాల పక్క బల్ల మీద ఉంచాము. దవడ దగ్గర కొంచెం రాసుకొని, దీపాల కింద గాక బయట పగటి వెలుతురులో అద్దం చూసుకోండి. చర్మంలో కలిసిపోయి కనబడకుండా పోయినదే మీ ఛాయ. రేపు ఆటల పోటీలకు వచ్చే పిల్లలకు రెండు గంటలకొకసారి మళ్ళీ రాయాలి. టోపీలు కూడా పంపండి.