తెఱమీఁది యాటలు - వాని తారతమ్యము



ఆటలకు యోగ్యతాక్రమ మేర్పఱచుట మన పెద్దలకుఁ గ్రొత్త కాదు. చదరంగమున కగ్రస్థాన మిచ్చి, పులిజూదమును దాని తరువాత నిలిపి, పాచికలను జివరకుఁ ద్రోసినవారు మన రచ్చబండలమీఁదఁ బెక్కుఱు గలరు. నేఁడు మన మనుమలు ఫోనుమీఁద నాడుచున్న యాటలకును అట్టి విచారము చేయవలసి యున్నది. "పిల్లలు పాడగుచున్నారు" అని యొక్కమాటతో నన్నిటిని ద్రోసివేయుట సులభమే. కాని దానివలన వారికి మంచి చెడ్డల వివేకము కలుగదు; మన మాటపై గౌరవమును మిగులదు. 30 ఏండ్లకుఁ బైగా బడిపిల్లల నడుమ మెలఁగి, ఉద్యోగవిరమణానంతరము మనుమలచెంతఁ గూర్చుండి యాడి చూచినవాఁడ నగుటచే, నాకు నచ్చిన నాలుగాటలను వరుసపెట్టి మనవి చేసెదను.

పరీక్షకు మూఁడు గుఱుతులు పెట్టుకొంటిని. ఆట నియమము పామరునకైనను క్షణములో బోధపడవలెను. ఆడినకొలఁది నేర్పు పెరుఁగవలెను. గెలిచినను ఓడినను ఇంటి సొమ్ము కదలరాదు.

ఈ యాటల వంశము మిక్కిలి ప్రాచీనము కాదు. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ పరిశోధనాలయమున విలియం హిగిన్‌బోథమ్ అను శాస్త్రజ్ఞుఁడు, సందర్శకుల వినోదమునకై, విద్యుత్తరంగములను జూపు చిన్న తెఱమీఁద టెన్నిసాట నాడించెను. 1972లో అటారీ సంస్థవారి పాంగ్ అను ఆట, నాణెము వేసి యాడు పెట్టెగా వెలసి లోకప్రసిద్ధ మయ్యెను. ఇవి మూలపురుషులు గనుక వీనికి నమస్కరించి, వరుసలోఁ జేర్పక విడిచితిని.

నాలుగవ స్థానము పామాటకు. దీని మూలరూపము 1976 నాఁటి బ్లాకేడ్ అను ఆటలోఁ గలదు. ఫిన్లండు దేశీయుఁడగు తానెలి అర్మాంతో దీనిని 1997లో నోకియా 6110 ఫోనునకై కూర్చెను. ఆ ఫోనులతోడనే యిది మన పల్లెలకును వచ్చెను. పాము మేఁత తినును, తిన్నకొలఁది పొడవగును, తన యొడలిని దానే తాఁకినచోఁ జచ్చును. శత్రువు వేఱొకఁడు లేఁడు. ఆస్తి పెరిగినకొలఁది కదలుటకుఁ జోటు చాలని గృహస్థునివలె, తన వృద్ధియే తనకు బంధనము. భావము గొప్పదే, కాని యిందు జాగరూకతకున్న పని యోచనకు లేదు. కావున నిది నాలుగవది.

మూఁడవది పాక్‌మాన్. 1980లో జపానునందు నామ్‌కో సంస్థలో టోరూ ఇవతాని దీనిని గల్పించెను. సందుగొందులలోఁ జుక్కలను దినుచుఁ బోవు గుండ్రని మూర్తిని నాలుగు భూతములు తఱుమును. విశేష మేమనఁగా, నాలుగింటి స్వభావమును వేఱు. ఎఱ్ఱది వెనువెంటఁ బడును. గులాబిరంగుది మనము పోఁబోవు చోటికి ముందే పోయి కాచును. నీలిది తన యెఱ్ఱ చెలికాఁ డున్నచోటును మన చోటును గూడ లెక్కించి నడచును. నారింజరంగుది దూరమునుండి వచ్చి, దగ్గఱకాఁగానే తన మూలకు మఱలిపోవును. ఈ గుణభేద మెఱిఁగినవాఁడు తప్పించుకొనును. ఎఱుఁగనివాఁడు పరుగెత్తి యలసిపోవును. ఇందొక వింత గలదు. ఘట్టముల లెక్కకు యంత్రములోఁ గేటాయించిన చోట 255కు మించిన సంఖ్య యిముడదు. అందుచే 256వ ఘట్టమునఁ దెఱయందలి కుడిసగము చిందఱవందఱయగును. అంతు లేదనుకొన్న యాటకును అంతమున్నది.

రెండవది సూపర్ మారియో బ్రదర్స్. 1985లో జపానులోని నింటెండో సంస్థకై షిగెరు మియామోతో ప్రభృతులు దీనిని రచించిరి. ఆ సంస్థ 1889లో క్యోటో నగరమునఁ బేకముక్కలు చేయుటకుఁ బుట్టినదనిన మీ కాశ్చర్యము గలుగును. నాకు దీనియం దాదర మేలయనఁగా, దీని మొదటి ఘట్టము చక్కని పాఠము. ఎచ్చటను ఉపదేశవాక్యము లేదు. కథానాయకుఁ డెడమప్రక్కన నిలిచియుండును. కుడిప్రక్క చోటు ఖాళీగా నుండును. కావునఁ బిల్లవాఁ డాదిక్కునకే నడచును. ఒంటరి శత్రువు మెల్లగా నెదురువచ్చును, లంఘింపవలెనని తెలియును. మఱికొంత దూరమున రెండు మెట్లగుట్టల నడుమ లంఘించుట మొదట గట్టినేలపైఁ జేయింపఁబడును. అక్కడఁ బడినను బ్రాణహాని లేదు. ఆ పిమ్మటనే అట్టి గుట్టల నడుమ నగాధమగు గోయి వచ్చును. భయములేనిచోట నభ్యాసము, ఆ తరువాతఁ బరీక్ష. ఉపాధ్యాయుఁ డెవ్వఁడైనను ఈ క్రమమును మెచ్చక మానఁడు.

ప్రథమస్థానము టెట్రిస్‌కు. 1984లో మాస్కోలో, సోవియట్టు విజ్ఞానపరిషత్తు గణనకేంద్రమున అలెక్సీ పజిత్నొవ్ దీనిని గల్పించెను. ఆయన చేతనున్న ఎలెక్ట్రోనికా 60 యంత్రము బొమ్మలు గీయఁజాలదు. కావున కుండలీకరణ చిహ్నములతోనే గడులను నిర్మించెను. నాలుగేసి గడుల కూర్పులు ఏడు రూపములలో నొక్కొక్కటిగాఁ బైనుండి దిగును. వానిఁ ద్రిప్పి, సందులేకుండ నమర్చినచో అడ్డవరుస నిండి మాయమగును. నిండకున్న గోడ పైకెక్కి యాట ముగియును. ఆట దేశదేశములు దిరిగినను, హక్కులు సోవియట్టు ప్రభుత్వముచేత నుండుటచే, దీని రాఁబడిలో భాగము 1996 నుండి కాని కర్తకు లభింపలేదు. 1989లో వెలువడిన దీని గృహయంత్రరూపమును, 2023 డిసెంబరులో 13 ఏండ్ల యమెరికా బాలుఁ డొకఁడు యంత్రమే స్తంభించునంతవఱకు నాడెను. అంతకుముందు మానవుఁ డెవ్వఁడును అంతదూరము పోలేదు.

ఇందును దైవవశము లేదాయని మీ రడుగవచ్చును. కలదు. ఏ కూర్పు వచ్చునో మన మెఱుఁగము, వచ్చినదానిని మార్చలేము. కాని దాని నెక్కడ నుంచవలెనో మన యధీనము. పాచికలలో దైవమే నిర్ణేత. ఇచ్చట దైవ మిచ్చును, పౌరుషము గూర్చును. అందుచే దీనికిఁ బట్టము గట్టితిని.

ఇఁక నా మూఁడవ గుఱుతును గుఱించి యొకమాట. మన పిల్లల ఫోనులలో ఆటల వేషము వేసికొని జూదమును జొచ్చినది. నా పూర్వశిష్యుఁ డొకఁడు కూఁతురి పెండ్లికై దాఁచిన సొమ్మును రాత్రివేళ ఫోనుపేకాటలో నొడ్డి పోఁగొట్టుకొని, మా వసారాలోఁ గూర్చుండి నోరు మెదపలేకపోవుట నేను జూచితిని. ధర్మజుఁడు నియమము లెఱుఁగక యోడలేదు; లేవవలసిన వేళ లేవలేక యోడెను. ఇట్టి యాటలను వారించుటకుఁ దెలంగాణమున 2017లోను, ఆంధ్రప్రదేశమున 2020లోను చట్టములు సవరింపఁబడినవి. సొమ్మొడ్డి యాడు ఆన్‌లైను ఆటలను నిషేధించుచు 2025 ఆగస్టులోఁ బార్లమెంటును జట్టము చేసెను. సొమ్ము లేని యాటయైనను మితము దప్పినచో హానియే. ఆటపై నదుపు దప్పుట, తక్కిన పనులకంటె దానికే ప్రాధాన్య మిచ్చుట, కీడు గలిగినను మానలేకపోవుట - ఈ మూఁడును జిరకాలము నిలిచినచో దానిని రోగముగాఁ బరిగణింపవలెనని ప్రపంచారోగ్యసంస్థ 2019లో నంగీకరించిన రోగపట్టిక చెప్పుచున్నది.

కాని చట్టమును పట్టికయు నింటిలోనికి రాఁజాలవు. అక్కడ నుండువారము మనము. కావునఁ బెద్దలారా, పిల్లవాని చేతినుండి ఫోను లాగుకొనుటకు ముందు, వాని ప్రక్కన నొకగడియ కూర్చుండుఁడు. నాయనా, ఈ యాట నియమ మేమి? నేర్పు దేనియందున్నది? ఇది డబ్బడుగునా? పిలిచినపుడు లేవఁగలవా? అని ప్రశ్నింపుఁడు. మొదటి రెంటికి వాఁడు సంతోషముతో నుత్తరము చెప్పును. కడపటి రెంటికిఁ దడఁబడినచో, అప్పుడు మీరు చెప్పు మాటను వాఁడు వినును. ఏలయన మీరు చూచి చెప్పుచున్నారని వాఁ డెఱుఁగును.

నా వరుస మీకు సమ్మతము గాకున్న, మీ మనుమలతోఁ గూడి మీ వరుసను మీరే యేర్పఱచుకొనుఁడు. సెలవు.